జడ అల్లికలో తప్పు పడితే: స్వెట్టర్ మొత్తం విప్పకుండా సరిచేసుకునే పద్ధతి

దసరా దాటగానే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ బజార్లలోని మ్యాచింగ్ సెంటర్లలో ఊలు ఉండలు కనిపిస్తాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాకు ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "అక్కా, జడ అవతలి దిక్కు తిరిగింది, మొత్తం ఇప్పాల్నా?" "ఒక మెలిక మర్చిపోయిన, దాని మీద మస్తు వరుసలు అల్లిన, ఇప్పుడేం జెయ్యాలె?"

చాలాసార్లు విప్పనక్కర్లేదు. జడలో పడ్డ తప్పు ఆ జడ కుట్లలోనే ఉంటుంది. దిద్దుబాటు కూడా ఆ కుట్లలోనే చేసుకోవచ్చు. పుట్టపాకలోనో గద్వాలలోనో మగ్గం మీద పోగు తెగితే చీరంతా విప్పరు, ఆ పోగునే అతుకుతారు. ఇదీ అంతే. కాకపోతే ఏ పోగు ఎక్కడిదో ముందు తెలియాలి. అందుకే దిద్దడం కంటే ముందు జడను చదవడం గురించి ఎక్కువ చెబుతాను.

ఇందులో జడ అంటే కేబుల్ అల్లిక, సీదా కుట్టు అంటే నిట్, ఉల్టా కుట్టు అంటే పర్ల్. మెలిక అంటే జడలో సగం కుట్లు మిగతా సగాన్ని దాటే చోటు. ఉదాహరణకు అంతటా ఒకే జడను తీసుకుందాం: ఆరు సీదా కుట్ల జడ, అటూ ఇటూ ఉల్టా కుట్ల నేల, ఆరు వరుసలకొకసారి మెలిక. మీ జడ నాలుగు కుట్లదైనా ఎనిమిది కుట్లదైనా పద్ధతి మారదు.

## 1. పని మొదలుపెట్టే ముందు

దిద్దుబాటు సగం చెడేది సామాను అందుబాటులో లేకే. కుట్లు జారవిడిచాక పిన్నీసు కోసం లేస్తే, వచ్చేసరికి ఇంకో రెండు వరుసలు జారి ఉంటాయి. ఇవి ముందే పక్కన పెట్టుకోండి:

- రెండు చివర్లా మొన ఉన్న పొట్టి సూదులు రెండు. మీరు అల్లుతున్న సూది కంటే సన్నవి కావాలి. 8 నంబరుతో, అంటే 4 మిల్లీమీటర్ల సూదితో అల్లుతుంటే 10 నంబరు తీసుకోండి, అది 3.25 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో సూది నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి.
- ఊలు మందానికి తగిన క్రోషా సూది ఒకటి.
- నాలుగైదు పిన్నీసులు. చుట్టలో ఊలు ఇరుక్కోకుండా చూసుకోండి.
- కేబుల్ సూది, అంటే మెలిక వేసేటప్పుడు సగం కుట్లను పట్టి ఉంచే పొట్టి సూది. అది లేకపోతే కొప్పుకు పెట్టుకునే యూ ఆకారం పిన్ను సరిగ్గా సరిపోతుంది.
- మొన మొద్దుగా ఉన్న ఊలు సూది. దబ్బనం వాడకండి, అది ఊలు పోగును చీలుస్తుంది.
- వేరే రంగు నున్నటి నూలు దారం.

వెలుతురు సంగతి. ముదురు రంగు ఊలు మీద రాత్రి ట్యూబులైటు కింద దిద్దుబాటు పెట్టుకోకండి. పగలు, కిటికీ పక్కన, ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని కూర్చోండి. నలుపు, నేవీ బ్లూ, మెరూన్ రంగుల్లో అడ్డపోగులు, అంటే కుట్టుకూ కుట్టుకూ మధ్య అడ్డంగా పోయే పోగులు, తెల్లగుడ్డ మీద మాత్రమే సరిగ్గా కనిపిస్తాయి.

ఊలు రకం కూడా చూసుకోండి. మన బజార్లో ఎక్కువగా దొరికేది యాక్రిలిక్. అది నున్నగా ఉండి కుట్టు త్వరగా జారుతుంది. గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రె ఊలు వంటి ముతక ఊలైతే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, జారవిడిచినా కుట్టు ఉన్నచోటే నిలుస్తుంది. యాక్రిలిక్‌తో పనిచేసేవాళ్ళు కుట్లు జారవిడిచే ముందు కింద పిన్నీసు గుచ్చే మెట్టు (5.2) ఎప్పుడూ వదలొద్దు. నున్నటి స్టీలు, అల్యూమినియం సూదుల కంటే వెదురు సూదుల మీద కుట్లు కదలకుండా ఉంటాయి, దిద్దుబాటుకు అవే మేలు.

## 2. జడను చదవడం

ఇది రాకపోతే కిందివేవీ సాగవు. మూడు సంగతులు చూడాలి.

కుట్టు కాళ్ళు. సూది మీదున్న ప్రతి కుట్టుకూ రెండు కాళ్ళుంటాయి. కుడి కాలు సూదికి ముందు, ఎడమ కాలు వెనక ఉంటే కుట్టు సరిగా కూర్చున్నట్టు. ఎడమ కాలు ముందుకొస్తే అది తిరగబడ్డ కుట్టు. అలాగే అల్లేస్తే ఆ చోట వి ఆకారం మెలిపడి ముడతగా కనిపిస్తుంది.

మెలిక ఎటు వాలింది. మూడు కుట్లను కేబుల్ సూది మీదికి తీసి పనికి ముందు ఉంచితే జడ ఎడమకు వాలుతుంది. వెనక ఉంచితే కుడికి వాలుతుంది. ప్యాటర్న్‌లో సీ6ఎఫ్ అని ఉంటే ముందు ఉంచమని, సీ6బీ అని ఉంటే వెనక ఉంచమని. ముఖం వైపు నుంచి, అంటే తొడుక్కున్నప్పుడు బయటికి కనిపించే వైపు నుంచి చూసి, పైన కనిపించే మూడు కుట్ల వరుసను వేలితో కింది నుంచి పైకి తడమండి. వేలు ఎటు పోతే జడ అటు వాలినట్టు.

చివరి మెలిక తర్వాత ఎన్ని వరుసలయ్యాయి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మెలిక పడ్డ చోట జడ మధ్యలో చిన్న సందు ఉంటుంది. వెనక నుంచి చూపుడువేలు ఆ సందులో పెట్టి జడను కొంచెం వెడల్పుగా లాగండి. వేలి పైన రెండు సగాల మధ్య అడ్డపోగులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. సూది వరకు వాటిని లెక్కపెట్టండి. మొదటి అడ్డపోగు మెలిక వేసిన వరుసదే. ఆరు వరుసలకొక మెలిక అయితే, ఆరు అడ్డపోగులు కనిపించి, ముఖం వైపు మీకు ఎదురుగా ఉంటే, ఇప్పుడు వేయబోయేదే మెలిక వరుస. నాలుగే కనిపిస్తే ఇంకా రెండు వరుసలు మామూలుగా అల్లాలి.

ఈ లెక్క అలవాటైతే కాగితం మీద గీతలు పెట్టుకునే అవసరమే తగ్గిపోతుంది. గీతలు పెట్టుకునే కాగితం పోతుంది, పిల్లలు చింపుతారు. జడలో ఉన్న లెక్క ఎక్కడికీ పోదు.

## 3. దించాలా, విప్పాలా, వదిలేయాలా

తప్పు కనిపించగానే సూదులు లాగేయకండి. ముందు ఈ వరుసలో ఆలోచించండి:

- తప్పు ఈ వరుసలోనే ఉందా, లేక కిందటి వరుసలోనా? అయితే ఒక్కో కుట్టూ వెనక్కి తీసుకుంటూ పోవడమే మంచిది. నాలుగో భాగం చూడండి.
- తప్పు కింద ఎక్కడో ఉంది, కానీ ఒక్క జడలోనే ఉందా? ఆ జడ కుట్లనే దించండి, అంటే సూది నుంచి వదిలి తప్పు దాకా విప్పండి. అయిదు, ఆరు భాగాలు.
- ఒకే వరుసలో చాలా జడలు తప్పాయా, లేక కుట్ల లెక్కే తప్పి అక్కడి నుంచి అంతా జరిగిపోయిందా? విప్పండి. తొమ్మిదో భాగం.
- పని పూర్తయి, అంచులు కుట్టేశాక కనిపించిందా? పదో భాగం.

వదిలేయడం గురించి నా అభిప్రాయం ఇది. మెలిక తప్పు వైపు వాలితే వదలొద్దు. చూసేవాళ్ళ కన్ను నేరుగా దాని మీదే పడుతుంది. మెలిక రెండు వరుసలు ఆలస్యంగా పడితే, అది ఒంటరి జడ అయితే, పసిపిల్లల స్వెట్టర్‌లో వదిలేసినా ఎవరికీ తెలియదు. గుండీల పట్టీకి అటూ ఇటూ జంట జడలుంటే మాత్రం ఆ రెండు వరుసలూ కనిపిస్తాయి, దిద్దుకోవాల్సిందే.

## 4. తప్పు దగ్గర్లోనే ఉంటే: కుట్టు కుట్టుగా వెనక్కి

కుడి సూది మీదున్న చివరి కుట్టు కింద, దాని అడుగు కుట్టులోకి ఎడమ సూదిని ముందు నుంచి వెనక్కి దూర్చండి. కుడి సూది నుంచి పైకుట్టును వదిలి ఊలు లాగండి. అడుగు కుట్టు ఎడమ సూది మీదికి వస్తుంది. సీదా కుట్టుకైనా ఉల్టా కుట్టుకైనా ఇదే. తేడా ఒక్కటే: సీదా కుట్టు విప్పేటప్పుడు ఊలు వెనక, ఉల్టా కుట్టు విప్పేటప్పుడు ఊలు ముందు ఉండాలి.

మెలిక దగ్గర కొంచెం జాగ్రత్త. చివర అల్లిన మూడు కుట్లు కేబుల్ సూది మీద నుంచి వచ్చినవి. వాటిని విప్పి ఎడమ సూదికి కాక కేబుల్ సూదికే ఎక్కించి, మొదట ఉన్నవైపే వేలాడనివ్వండి. మిగతా మూడు ఎడమ సూది మీదికి విప్పండి. ఆ తర్వాత కేబుల్ సూది మీది మూడింటిని ఎడమ సూది మీదికి చేర్చండి. ఇప్పుడు ఆరూ మెలిక వేయకముందు ఉన్న వరుసలో ఉంటాయి. కాళ్ళు సరిచూసుకుని మెలిక మళ్ళీ వేయండి.

## 5. మెలిక తప్పు వైపు వాలితే

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. ఆరు కుట్లూ దించనక్కర్లేదు, సగం చాలు. తప్పు మెలికలో ఏ మూడు కుట్లు పైకి వచ్చాయో ఆ మూడింటినే దించి, అవతలి మూడింటి వెనకగా తిప్పి, మళ్ళీ పైకి అల్లుకుంటే మెలిక దానంతటదే సరైన వైపు వాలుతుంది. మిగతా మూడూ కదలవు.

5.1 పైనున్న మూడింటిని గుర్తించండి. ముఖం వైపు పెట్టుకుని జడ మొదలయ్యేదాకా అల్లి ఆగండి. జడ ఆరు కుట్లూ ఎడమ సూది మీద ఉండాలి. తప్పు మెలికలో పైకి కనిపించే సగాన్ని వేలితో సూది వరకు అనుసరించండి. జడ తప్పుగా ఎడమకు వాలి ఉంటే ఆ సగం ఇప్పుడు ఎడమ మూడు కుట్లు. తప్పుగా కుడికి వాలి ఉంటే కుడి మూడు. దించాల్సిన వాటికి ముందు కుడివైపు ఇంకేవైనా జడ కుట్లుంటే వాటిని అల్లేసుకుని రండి.

5.2 కింద కాపలా పెట్టండి. తప్పు మెలికకు సరిగ్గా కింది వరుసలో, ఆ మూడు కుట్లలోంచి ఒక పిన్నీసు గుచ్చి మూసేయండి. కుట్లు జారితే ఇక్కడ ఆగిపోతాయి. ఇది పెట్టకుండా దించితే కుట్టు ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు.

5.3 దించండి. మూడు కుట్లను సూది మీద నుంచి వదలండి. గుంజకండి. ఒక్కో వరుసనూ వేలితో మెల్లగా విప్పుతూ లెక్కపెట్టండి. రెండో భాగంలో చెప్పినట్టు లెక్కపెట్టిన అడ్డపోగులు ఎన్నో, ఇప్పుడు పొడుగ్గా వేలాడే పోగులు కూడా అన్నే ఉండాలి. తక్కువుంటే ఇంకా కింద ఒక వరుస మిగిలి ఉన్నట్టు. మెలిక వరుస పోగు కూడా విడిపోవాలి.

5.4 వెనక్కి తిప్పండి. పిన్నీసు మీది మూడు కుట్లను పొట్టి సూది మీదికి తీసుకోండి. కుడి కాలు ముందుందో లేదో చూడండి. ఇప్పుడు ఈ సూదిని, కదలని మూడు కుట్ల పట్టీ అడుగు నుంచి వెనక్కి తోసి, అవతలి పక్కన ముందుకు తీయండి. ఇప్పటిదాకా పైనున్న సగం కిందికి పోయింది, కిందున్నది పైకి వచ్చింది. ఇక్కడ ఒకసారి ఆగి జడను దూరం పెట్టి చూడండి. వాలు సరైన వైపు మారిందా? మారకపోతే ఇంకా ఒక్క కుట్టూ అల్లలేదు కాబట్టి నష్టం లేదు.

5.5 పైకి అల్లండి. అన్నిటికంటే అడుగున ఉన్న పోగును పట్టుకోండి. దాన్ని కుట్ల వెనక ఉంచి, మామూలుగా ఉండ నుంచి వచ్చే ఊలుతో అల్లినట్టే, రెండో పొట్టి సూదితో కుడి నుంచి ఎడమకు మూడు సీదా కుట్లు అల్లండి. పని తిప్పొద్దు. కుట్లను సూది అవతలి కొసకు జరిపి, ఆ పై పోగుతో మళ్ళీ మూడు. ఇలా పైదాకా. వెనక వైపు వరుసలు అప్పుడు ఉల్టాగా అల్లినా, ముఖం వైపు నుంచి చూస్తే అవీ సీదాయే. అందుకని అన్ని వరుసలూ సీదాగానే పోతాయి.

మొదటి కుట్టుకే ఊలు ఎక్కువ లాగేసుకుంటే మూడో కుట్టుకు ఏమీ మిగలదు. అలా అయితే విప్పి, మూడింటికీ సమానంగా పంచండి. ఒక్కో వరుస అయ్యాక కుట్లను కిందికి కొంచెం లాగితే అవి సర్దుకుంటాయి.

5.6 సూది మీదికి చేర్చి ముందుకు సాగండి. పైనున్న ఆఖరి పోగు అయిపోగానే మూడు కుట్లూ ఎడమ సూదికి ఎక్కించండి. మిగిలిన వరుస మామూలుగా అల్లేయండి.

ఈ పనిలో సాధారణంగా పడే తప్పులు, వాటికి మందు:

- వెనక వైపు ఒక అడ్డపోగు వదులుగా వేలాడుతోంది: వరుస దాటేశారు. అక్కడిదాకా మళ్ళీ దించి ఆ పోగును ముందు వాడండి. కత్తిరించి ముడివేయొద్దు.
- ముఖం వైపు ఉల్టా గడి ఒకటి కనిపిస్తోంది: పోగు కుట్లకు ముందు ఉండిపోయింది. ఆ ఒక్క కుట్టును దించి, పోగును వెనక్కి నెట్టి క్రోషా సూదితో ఎత్తండి.
- అల్లినచోట గుడ్డ గట్టిగా బిగిసింది: సన్న సూదితోనే పైదాకా అల్లారు. మరీ బిగిస్తే మళ్ళీ దించి, కుట్లు ఎత్తడానికి మాత్రమే సన్న సూది, అల్లడానికి అసలు నంబరు సూది వాడండి. బిగువు కొంచెమే అయితే తడిపి ఆరబెట్టాక పోతుంది.
- పోగు చీలి సగం పోగుతో కుట్టు వచ్చింది: యాక్రిలిక్‌లో ఇది మామూలే. ఇప్పుడే విప్పి మొత్తం పోగును పట్టుకోండి. ఉతికినకొద్దీ ఆ చీలిక పెద్దదవుతుంది.

తప్పు మెలిక మీద ఇంకో సరైన మెలిక పడి ఉంటే? అదే మూడు కుట్లను రెండు మెలికల గుండా దించాలి. పై మెలికలో అవి పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నది దించకముందే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. పైకి అల్లుకొస్తూ అక్కడికి రాగానే ఫోటోలో ఉన్నట్టే దాటించండి.

## 6. మెలిక మర్చిపోతే, లేదా ముందే వేసేస్తే

ఇక్కడ ఆరు కుట్లూ దించాల్సిందే, ఎందుకంటే రెండు సగాల చోటు కూడా మారాలి.

పిన్నీసును మెలిక పడాల్సిన వరుసకు సరిగ్గా కింది వరుసలో ఆరు కుట్లకూ గుచ్చండి. దించి, పొట్టి సూది మీదికి ఆరూ ఎక్కించండి. ఇప్పుడు మొదటి మూడింటిని యూ పిన్ను మీదికి తీసి, మీ జడకు తగ్గట్టు ముందో వెనకో ఉంచండి. అడుగు పోగుతో ముందు తర్వాతి మూడు, ఆ తర్వాత పిన్ను మీది మూడు అల్లండి. పై వరుసలన్నీ మామూలుగా ఆరేసి సీదా కుట్లు.

మెలిక వరుస ఊలు ఎక్కువ తింటుంది. తిన్నగా పోయిన పోగుతో ఇప్పుడు మెలిక వేస్తున్నారు కాబట్టి ఆ ఒక్క వరుస బిగుతుగా వస్తుంది, కొన్నిసార్లు ఆరో కుట్టుకు పోగు అందదు. భయపడకండి. జడకు రెండు పక్కలా ఉన్న ఉల్టా కుట్లలోంచి, అదే వరుసలో, ఊలు సూది మొనతో కొంచెం కొంచెంగా వదులు జడ వైపు లాగండి. అటు నాలుగైదు కుట్లు, ఇటు నాలుగైదు కుట్లు తలా కాస్త ఇస్తే చాలు.

మెలిక ముందే వేసేసినప్పుడు దీనికి తిరగేసి జరుగుతుంది. మెలిక విప్పి తిన్నగా అల్లితే వదులు మిగులుతుంది. ఆ వదులును అదే విధంగా పక్క కుట్లకు పంచేయండి. ఆ తర్వాత అసలు మెలిక వరుసలో పై పోగు బిగుస్తుంది. అక్కడ మళ్ళీ పక్క కుట్ల నుంచి అప్పు తీసుకోవాలి.

యూ పిన్ను వాడేవాళ్ళకు ఒక మాట. ఒక కాలు నుంచి కుట్లు ఎక్కించి రెండో కాలు నుంచి అల్లాలి. ఎక్కించిన కొస నుంచే అల్లితే ఆ మూడు కుట్ల వరుస తారుమారవుతుంది. మెలిక వేసిన చోట పైసగంలో చిన్న ముడతలా కనిపిస్తే కారణం ఇదే. దాన్ని అయిదో భాగం పద్ధతిలోనే సరిచేయండి.

## 7. మెలిక వేస్తుండగా కుట్టు జారిపోతే

ముందు పని కింద పెట్టండి. చేతిలో పట్టుకుని ఊపితే కుట్టు ఇంకా జారుతుంది. జారిన కుట్టులో పిన్నీసు పెట్టి, తర్వాత ఆలోచించండి.

ఒక్క వరుసే జారితే దాన్ని సూది మొనతో ఎత్తొచ్చు. ఎక్కువైతే క్రోషా సూది. ముఖం వైపు నుంచి కుట్టులోకి క్రోషా సూదిని దూర్చి, దాని వెనకున్న అడుగు పోగును పట్టి కుట్టులోంచి ముందుకు లాగండి. అలా ఒక్కో పోగూ. ఇది సీదా కుట్టుకు. నేల మీది ఉల్టా కుట్టు జారితే పని తిప్పి వెనక వైపు నుంచి ఇదే చేయండి, అటు నుంచి అది సీదాయే.

జారిన కుట్టు మెలిక కిందికి దూరిపోయి కనిపించకపోతే, వెనక వైపు చూడండి. మెలిక వెనక సగంలో కుట్టు సాధారణంగా అక్కడే దాగుంటుంది.

## 8. చిన్నవే, కానీ కనిపించేవి

జడ ఎడమ అంచు కుట్టు పెద్దదిగా రావడం. ఇది మీ చేతి లోపం కాదు. సీదా నుంచి ఉల్టాకు మారేటప్పుడు ఊలు వెనక నుంచి ముందుకు రావడానికి కొంచెం ఎక్కువ పోగు పడుతుంది. ఆ ఎక్కువంతా చివరి సీదా కుట్టులో చేరుతుంది. నేల మీద మొదటి ఉల్టా కుట్టు అల్లాక ఊలును ఒకసారి బిగించి లాగండి. ఇప్పటికే వచ్చిన పెద్ద కుట్లను మొద్దు సూదితో, పక్క కుట్ల కాళ్ళ మీదుగా వదులు పంచుతూ సరిచేయొచ్చు. మొత్తం జడ పొడవునా చేయాల్సి వస్తే ఓపిక కావాలి, కానీ తేడా చాలా బాగా తెలుస్తుంది.

తిరగబడ్డ కుట్టు. సూది మీద ఉండగానే కనిపిస్తే వెనక కాలులోంచి అల్లండి, సరిపోతుంది. కింద ఉంటే ఆ ఒక్క నిలువు కుట్టును దించి ఎత్తండి.

నేల మీద ఉల్టా బదులు సీదా. ఆ కుట్టు నిలువునా దించి, ఏడో భాగంలో చెప్పినట్టు వెనక వైపు నుంచి ఎత్తండి.

కుట్ల లెక్క తేడా. ప్రతి మెలిక వరుస అయ్యాక జడ కుట్లు లెక్కపెట్టండి. ఒకటి ఎక్కువైతే ఎక్కడో ఊలు సూది మీద పడి కొత్త కుట్టయింది, దాని కింద చిన్న చిల్లు కనిపిస్తుంది. దాన్ని జారవిడిచేయండి. ఒకటి తక్కువైతే జారిందో, రెండు కలిసి అల్లబడ్డాయో చూడండి.

జడ దగ్గర గుడ్డ లోపలికి గుంజుకోవడం. అది తప్పు కాదు, జడ గుణమే అంత. దిద్దుబాటుతో పోదు. తర్వాతిసారి బోర్డర్ అయ్యాక ఒక్కో జడ చోట ఒకటి రెండు కుట్లు పెంచి మొదలుపెట్టండి, చివర ముగించేటప్పుడు తగ్గించండి.

## 9. నిజంగానే విప్పాల్సి వస్తే

ముందు కాపు దారం వేయండి. తప్పు కంటే కింద, మెలిక లేని తిన్నటి వరుస ఒకటి ఎంచుకోండి. మెలిక వరుసలో వద్దు, అక్కడ కుట్లు ఒకదాని వెనక ఒకటి ఉండి కొన్ని తప్పిపోతాయి. మొద్దు సూదిలో నూలు దారం ఎక్కించి, ఆ వరుసలో ప్రతి కుట్టు కుడి కాలు కిందుగా దూర్చుకుంటూ పోండి. చివర లెక్కపెట్టండి. సూది మీద కుట్లు ఎన్నో దారం మీద అన్ని ఉండాలి, మధ్యలో మీరు పెంచడం తగ్గించడం చేసి ఉంటే ఆ తేడా కలుపుకోండి.

ఇక సూది తీసి ఊలు లాగండి. దారం దగ్గర అల్లిక ఆగుతుంది. సన్న సూదితో కుట్లు ఎక్కించుకుని, కాళ్ళు సరిచూసి, ఆపైన అసలు సూదితో అల్లండి. విప్పిన ఊలు ముడతలు పడి ఉంటే వదులుగా చుట్టి, నీళ్ళలో తడిపి నీడన ఆరనివ్వండి.

కొత్తగా జడలు నేర్చుకునేవాళ్ళు తప్పు పడేదాకా ఆగక, ప్రతి రెండు మూడు మెలికలకొకసారి ఈ దారం ముందే వేసుకుంటే మంచిది. అల్లేటప్పుడే వేస్తే సూది మీదున్న కుట్లలోంచి నేరుగా దూర్చుకోవచ్చు, వేట అక్కర్లేదు. గుర్తు కోసం పెట్టిన రింగుల్లోంచి దారం పోనివ్వకండి, తర్వాత అవి జరగవు.

## 10. అంతా పూర్తయ్యాక తప్పు కనిపిస్తే

రెండు దారులున్నాయి.

నాలుగు కుట్ల సన్న జడ అయితే పైన కుట్టేయొచ్చు. అదే ఊలుతో, మొద్దు సూదితో, తప్పు మెలిక మీద సరైన వాలులో రెండు నిలువు వరుసల వి కుట్లు, అసలు కుట్ల బాట మీదే, మెలిక దాకా కప్పుతూ వేయండి. ఆ చోటు కొంచెం మందంగా ఉంటుంది, కానీ చూపుకు సరిపోతుంది. ఆరు కుట్లు దాటిన జడలకు నేను దీన్ని చెప్పను, ఉబ్బెత్తుగా తేలుతుంది.

రెండోది కత్తెర పని. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, కత్తిరించేది ఒక్క పోగునే.

- తప్పు మెలికలో పైనున్న మూడు కుట్లు గుర్తించి, మెలికకు సరిగ్గా పై వరుసను ఎంచుకోండి.
- ఆ వరుసకు పైన ఒక పిన్నీసు, కింద ఒక పిన్నీసు, మూడు కుట్లలోంచీ గుచ్చండి.
- మధ్య కుట్టు ఒక కాలిని కత్తిరించండి. సూది మొనతో పోగును ఇటు ఒకటిన్నర కుట్టు, అటు ఒకటిన్నర కుట్టు విప్పండి. విడిపోయిన కొసలను కత్తిరించకండి.
- కింద మూడు కుట్లు, పైన మూడు కుట్లు విడిగా నిలుస్తాయి. కిందివాటిని అవతలి సగం వెనకగా తిప్పి, పైవాటికి ఎదురుగా తెచ్చుకోండి.
- ఒక జానెడు కొత్త ఊలుతో కలిపి కుట్టండి. సూదిని కింది కుట్టులో వెనక నుంచి ముందుకు తీయండి. పైకుట్టులోకి ముందు నుంచి దించి, పక్క పైకుట్టులోంచి ముందుకు తీయండి. మళ్ళీ మొదటి కింది కుట్టులోకే దించి, పక్క కింది కుట్టులోంచి ముందుకు తీయండి. ఇలా చివరిదాకా.
- బిగువును పక్కనున్న కుట్లతో సరిపోల్చుకుంటూ సర్దండి. కొసలన్నీ మెలిక వెనక, మందంగా ఉన్నచోట దూర్చి దాచండి. నున్నటి యాక్రిలిక్‌లో ఒకే దిక్కు దూర్చితే బయటికి వస్తాయి, రెండు మూడు దిక్కుల తిప్పండి.

దీన్ని నేరుగా స్వెట్టర్ మీద ప్రయత్నించకండి. అదే ఊలుతో అరచేయంత ముక్క ఒకటి అల్లి, కావాలని ఒక మెలిక తప్పు వైపు వేసి, దాని మీద చేసి చూడండి.

## 11. దిద్దాక తడిపి ఆరబెట్టడం

దిద్దినచోటు వెంటనే ఎగుడుదిగుడుగా కనిపిస్తే మళ్ళీ విప్పకండి. ముందు తడపండి. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీళ్ళు పోగొట్టండి. బల్ల మీద పరిచి, దిద్దిన జడను వేళ్ళతో నిలువునా అడ్డంగా కొంచెం లాగి సర్దండి. తాడు మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది. నీడనే ఆరబెట్టండి.

యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టకండి. వేడికి జడ ఉబ్బు పోయి అణిగిపోతే మళ్ళీ లేవదు. ఉన్ని ఊలైతే ఆవిరి తగిలించవచ్చు, పెట్టె మాత్రం గుడ్డకు ఆనకూడదు. ఆరిన తర్వాత కూడా ఒక కుట్టు పెద్దదిగా ఉంటే, అప్పుడు మొద్దు సూది తీసుకుని ఆ కుట్టు వదులును పక్కలకు పంచండి.